ఫ్లాట్ బుష్ మంత్రివర్గం

మంత్రివర్గాన్ని ఊహించడం ఒక ఉద్యోగమని, దానికి నెలనెలా జీతం ఇచ్చేవారని ఇప్పటి కుర్ర విలేకరులతో అంటే నమ్మరు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ప్రమాణ స్వీకారానికి షామియానా వేయకముందే పేర్లన్నీ మీకు తెలిసిపోతాయి. మా రోజుల్లో ముఖ్యమంత్రి మారాడంటే మా డెస్కులో పెళ్లి సందడి. హోం ఎవరికి, ఆబ్కారీ ఎవరికి, ఏ జిల్లాకు మొండిచెయ్యి అంటూ రోజుకో కథనం వండేవాళ్లం. హైదరాబాదులో ఒక దినపత్రికలో నేను చాలా ఏళ్లు ఆ వంట చేశాను. సగం ఊహలు తప్పేవి. తప్పినందుకు ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఎందుకంటే మర్నాడు పాఠకుడికి అసలు జాబితా మీదే ధ్యాస.

ఆ పనిలో మా పెద్దలు నేర్పిన సూత్రాలు రెండున్నాయి. మొదటిది కార్లు. కాబోయే నాయకుడి ఇంటి ముందు ఎవరి కారు రోజూ ఆగుతోందో చూడు, మంత్రి ఎవరో తెలుస్తుంది. రెండోది కాస్త చిత్రమైనది. పేరు పేపర్లో ముందే వచ్చిందంటే ఆ మనిషికి పదవి పోయినట్టే. నిర్ణయం తనదే తప్ప పేపరు వాళ్లది కాదని చూపించుకోవడానికి నాయకుడు ఆ పేరు కొట్టేసేవాడు. అందుకే ఆశపడేవాళ్లు మా ఆఫీసు మెట్లెక్కి మరీ బతిమాలేవారు. "సార్, నా పేరొక్కటీ రాయకండి. కావాలంటే మా జిల్లాలో నా పోటీదారు పేరు రాయండి, పెద్దక్షరాల్లో రాయండి" అని ఒకాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అలా మాకో అలవాటు పడిపోయింది. ఎవరు బాగుపడాలని మనసులో ఉంటుందో వాళ్ల పేరు మింగేసేవాళ్లం.

ఈ రెండు సూత్రాలూ వెంటబెట్టుకుని, రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చాను. తను ఫ్లాట్ బుష్ అనే శివారు పేటలో ఇల్లు కొనుక్కుంది. అన్నీ కొత్త ఇళ్లు, ఇంటికి రెండు కార్లు, నడిచేవాడు నేనొక్కడినే. ఊరికే కూర్చోవడం చేతకాక, పాపకూర అనే ఇంకో పేటలో నడుస్తున్న ఒక తెలుగు పక్షపత్రికలో చేరాను. దాని ఆఫీసు ఒక డైరీ వెనక గదిలో ఉండేది. డైరీ అంటే ఇక్కడ వీధి మూల కొట్టు. ముందు గదిలో పాలు, రొట్టెలు, చాక్లెట్లు, వెనక గదిలో మేము. సంపాదకురాలు ఒకప్పుడు స్టూడెంటుగా వచ్చిన నెల్లూరు అమ్మాయి. వారమంతా హోమ్ లోన్లు ఇప్పించేది, శని ఆదివారాలు పత్రిక తీసేది. ప్రతులు మన మసాలా కొట్లలో ఉచితంగా పెట్టేవాళ్లం. పచ్చిమిరపకాయలు చుట్టి ఇచ్చే లోపు ఎవరైనా మన వార్త చదివారా అన్నదే మా సర్క్యులేషన్.

ఆ ఏడాది నవంబరులో అమెరికాకు కొత్త అధ్యక్షుడు ఎన్నికయ్యాడు. ఇక్కడి టీవీల్లో కూడా పొద్దస్తమానం అదే చర్చ, విదేశాంగం ఎవరికి, ఖజానా ఎవరికి అని. సరిగ్గా అప్పుడే మన తెలుగు సంఘానికీ కొత్త ప్రెసిడెంట్ వచ్చాడు. ఆ సంఘంలో ప్రెసిడెంటును మాత్రమే ఎన్నుకుంటారు, మిగతా పదవులన్నీ ఆయన ఇష్టం. గెలిచినాయన వరంగల్ వైపు మనిషి. చదువుకోవడానికి వచ్చి, టౌరంగా దగ్గర కివీ తోటల్లో కాయలు కోసి, గిన్నెలు తోమి, చివరికి ఎయిర్‌పోర్ట్ కార్గోలో సూపర్‌వైజర్ అయ్యాడు. డిసెంబరులో ఒక ఆదివారం పాపకూర హాల్లో టీమ్‌ను ప్రకటిస్తానని చెప్పి నోటికి తాళం వేసుకున్నాడు.

"అంకుల్, వాళ్లు అమెరికా క్యాబినెట్ గెస్ చేస్తున్నారు, మనం మనది గెస్ చేద్దాం" అంది సంపాదకురాలు.

"మనకు క్యాబినెట్ ఏమిటమ్మా? నాలుగు కుర్చీలు, ఒక మైకు."

"ఆ నాలుగు కుర్చీల కోసమే కదంకుల్ జనం రెండేళ్లు మాట్లాడుకోకుండా ఉన్నారు. రాయండి. మీకు ఇది వెన్నతో పెట్టిన విద్య."

ముసలి యుద్ధాశ్వానికి బాకా వినిపించినట్టయింది. మర్నాటి నుంచి నా ఉదయపు నడకకు ఒక లక్ష్యం దొరికింది. ప్రెసిడెంటు ఇల్లు మా వీధికి రెండు మలుపుల అవతల. తెల్లారేసరికి ఆ ఇంటి ముందు గడ్డి మీద నాలుగు కార్లు! రెండో రోజూ అవే. వారమైనా అవే. ఎవరివో సంపాదకురాలిని అడిగి తెలుసుకున్నాను. ఒకరు గోదావరి, ఒకరు ఖమ్మం, ఒకరు గుంటూరు, ఒకరు కడప. అంత పొందికైన ప్రాంతీయ సమతుల్యం నేను హైదరాబాదులో కూడా చూడలేదు. ఇతను కార్గోలో ఉండాల్సిన మనిషి కాదు, సచివాలయంలో ఉండాలి అనుకున్నాను.

ఉపాధ్యక్ష పదవి సంగతి మాత్రం నాకు కచ్చితంగా తెలుసు. దానికి నేనే సాక్షిని. ఎన్నికల ముందు ప్రెసిడెంటు పాపకూరలోని ఒక ఫిజీ తెలుగు ఆంటీ ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. ఆమె ఫిజీలో టీచరుగా పనిచేసి వచ్చారు. బ్రిటిషువాళ్ల కాలంలో అక్కడి చెరుకు తోటల్లో పనికి వెళ్లిన మనవాళ్ల మనవలు, మనవరాళ్లు అక్కడి సైనిక తిరుగుబాట్ల తర్వాత ఇటు తరలి వచ్చి, ఒక పాత హాలు కొనుక్కుని భజనలు చేసుకుంటున్నారు. ఆ హాలు బాధ్యత ఆంటీది. మన సంఘం కార్యక్రమాలన్నీ ఏళ్ల తరబడి ఆ హాల్లోనే, అద్దె లేకుండా. కానీ సంఘంలో వాళ్లకు ఒక్క పదవీ ఎప్పుడూ ఇవ్వలేదు. వాళ్ల తెలుగు వేరుగా ఉంటుందని మనవాళ్లు మూతి తిప్పుకునేవారు. "ఆంటీ, ఈసారి వైస్ ప్రెసిడెంట్ మీరే. నేను మాటిస్తున్న" అన్నాడు ఆ రోజు. ఆమె ఇంకో కప్పు టీ పోశారు.

ఆవిడకు ఆ పదవి రావాలని నాకు మనస్ఫూర్తిగా ఉంది. కాబట్టి ఆవిడ పేరు మింగేశాను.

పత్రిక వచ్చింది. 'ఫ్లాట్ బుష్ మంత్రివర్గం సిద్ధం?' అని మొదటి పేజీలో. గోదావరి ఆయనకు కోశాధికారి, గుంటూరు కుర్రాడికి క్రీడలు, ఖమ్మానికి కార్యదర్శి, కడపకు సాంస్కృతికం. 'ఉపాధ్యక్ష పదవిపై వీడని ఉత్కంఠ' అని ఒక ముక్తాయింపు. శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టాం. వాన పడితే విలేకరికి అదే గొడుగు.

ఆ వాన సాయంత్రానికే మొదలైంది. ప్రెసిడెంటు ఫోన్.

"ఏంది సార్ ఇట్ల రాసిండ్రు? వాళ్లు పొద్దుగాల కార్లు మా ఇంటి ముంగట పెట్టి నా వ్యాన్‌ల డ్యూటీకి వస్తరు. ఎయిర్‌పోర్ట్ కాడ పార్కింగ్ దొరకది. గంతే! గండ్ల మంత్రివర్గం ఏడికెల్లి వచ్చె?"

 హైదరాబాదులో నాయకుడి ఇంటి ముందు కారు ఆగితే పదవి కోసం. ఫ్లాట్ బుష్‌లో ఆగితే పార్కింగ్ కోసం.

"నన్నొక్క మాట అడగకపోయిండ్రా సార్?"

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పకపోతుంటి."

"మరి?"

అవతల పెద్ద నవ్వు. "నవ్వొస్తుంది గానీ సార్, వాళ్ల ఇండ్లల్ల అప్పుడే స్వీట్లు పంచుకుంటున్రు. రేపు పొద్దుగాల మీరే వచ్చి వ్యాన్‌ల కూసోండ్రి. మీరు చేసిన మంత్రులకు మీరే చెప్పుకోండ్రి."

వెళ్లాను. ఏడు సీట్ల వ్యాన్, అందరి ఒళ్లో లంచ్ డబ్బాలు, మెరిసే పసుపుపచ్చ జాకెట్లు. ప్రెసిడెంటు డ్రైవింగ్ సీట్లో ఉన్నాడు. గోదావరి ఆయన అందరిలోకీ పెద్ద. నన్ను చూడగానే కేకేశాడు.

"రండి రండి! మనల్ని మంత్రుల్ని చేసినాయన వచ్చారు, ముందు సీటు ఖాళీ చెయ్యండ్రా! ఏవండీ, నాకు కోశాధికారి ఇచ్చారు కదా. మా ఆవిడ నన్ను కరెంటు బిల్లు కూడా కట్టనివ్వదండి. పేపరు చూసి తెగ నవ్విందనుకోండి."

"నా సంగతేంటి అంకుల్?" అన్నాడు వెనక నుంచి గుంటూరు కుర్రాడు. "నేను చివరిసారి బ్యాట్ పట్టుకుంది ఇంటర్లో. అదీ ఎవడో పట్టుకోమంటే పట్టుకున్నా."

నేను జరిగిన పొరపాటు చెప్పాను. కార్లు చూసి లెక్క వేశానని, పదవుల సంగతి ప్రెసిడెంటు అననే లేదని. వ్యాన్ మోటర్‌వే ఎక్కింది. కార్లన్నీ బంపరుకు బంపరు ఆనించుకుని పాకుతున్నాయి. 

"సరేలెండి, పదవులేవీ వద్దని మేమే చెప్పేస్తాం" అన్నాడు గోదావరి ఆయన. మళ్లీ కిటికీలోంచి చూస్తూ, "అంటే... పోయిన వారం అడిగితే వెంటనే వద్దనేవాణ్ణండి. ఇప్పుడు కాస్త ఆలోచించాల్సొస్తోంది. మా అత్తగారు రాజమండ్రిలో మొత్తం వీధికి చెప్పేసింది. ముప్పై ఏళ్లలో ఆవిడ నా గురించి ఒక మంచి మాట చెప్పడం ఇదే మొదలు" అన్నాడు.

వ్యాన్ అంతా ఘొల్లుమంది. ప్రెసిడెంటు మాత్రం నవ్వలేదు.

"పదవులు గాదన్నా నా రంది," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆంటీ నా ఫోన్ ఎత్తుతలేదు. పేపర్ల ఆమె పేరు లేకపాయె. నేను మాట తప్పిన అనుకుంటున్నది. ఫిజీ వాళ్లంత వేరే సంఘం పెడ్తరంట. హాలు వాళ్లది. పండుగలు ఏడ చేస్తం, మా గ్యారేజీలనా? హాలు పోతే పాయె, మాటిచ్చి తప్పినోడు అంటే ఎట్ల మొఖం చూపెట్టాలె?"

అప్పుడు గానీ నాకు తలకెక్కలేదు, నేను ఎవరి మేలు కోరి పేరు దాచానో ఆవిడకే దెబ్బ తగిలిందని. ఆ మధ్యాహ్నమే పాపకూర వెళ్లాను.

ఆంటీ ఇంటి వెనక చెక్క అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. పెరట్లో చేమ ఆకులు గొడుగుల్లా ఉన్నాయి. కూర్చోమన్నారు గానీ టీ సంగతి ఎత్తలేదు. ఆ ఇంట్లో టీ రాకపోవడమంటే ఎంత కోపమో నాకు తెలుసు.

"అందరి పేర్లూ రాసినారు. నా పేరు ఇడిసిపెట్టినారు."

నేను మా వృత్తి రహస్యం విడమరిచి చెప్పాను. పేపర్లో పేరొస్తే పదవి పోతుందని, పోకూడదనే రాయలేదని. ఆమె చిక్కుడుకాయ పట్టుకున్న చేయి ఆపి నన్నే చూశారు.

"అంటే మీ ఊర్లో ఒకరికి మంచి చెయ్యాలంటే పేరు దాచిపెడతారా?"

"అలాంటిదేనండీ."

"ఇదేం ఊరు బాబూ! మా ఫిజీలో పెండ్లికి పిలవాలంటే గడప కాడ నిలబడి, పేరు పెట్టి, గట్టిగా పిలుస్తారు. పక్కింటోళ్లకి కూడా ఇనపడాల."

మళ్లీ కాయలు వలుస్తూ చెప్పారు. "మా తాత ఓడ దిగిన దినం తెల్లదొర ఆయన పేరు తప్పు రాసుకున్నాడు. ఆ తప్పు పేరుతోనే మూడు తరాలు బతికినాం. ఆ దొర తప్పైనా రాసినాడు. మీరు అది కూడా రాయలేదే."

ఏళ్ల తరబడి పేర్లు రాసి బతికినవాణ్ణి.  చిన్నవాళ్లకు ఒక్కటి చెబుతాను. రాసిన వార్తకు ఎవరెవరు నొచ్చుకుంటారో మేము బాగా లెక్కవేసేవాళ్లం. రాయని పేరు చదువుకునేవాళ్లు కూడా ఉంటారని మాకెవరూ నేర్పలేదు.

"ఆదివారం వస్తాను," అన్నారు ఆంటీ. "ఎనక వరసలో కూర్చుంటాను. టీ పంచే లోపల నా పేరు చెప్పినాడా, సరి. లేదంటే టీ తాగి ఎవరి దోవ వాళ్లది. హాల్లో మా భజనలు మేము చేసుకుంటాం."

ప్రెసిడెంటుకు ఫోన్ చేసి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. "టీ టైమ్ నాకు యాదుంటది సార్" అన్నాడు.

ఆదివారం హాలు కిక్కిరిసింది. బయట పొహుతుకవా చెట్టు ఎర్రటి పూలు కారు అద్దాల మీద రాలుతున్నాయి. ముందు వరసల్లో మనవాళ్లు, చివరి వరసలో ఫిజీ కుటుంబాలు. ఆంటీ పట్టుచీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. మా సంపాదకురాలు కెమెరాతో వేదిక దగ్గర. నలుగురు 'మంత్రులు' ఒక పక్కగా, ఇస్త్రీ చొక్కాల్లో. గోదావరి ఆయన చొక్కాకు మడతలు కూడా ఇంకా పోలేదు, అట్ట పెట్టెలోంచి నేరుగా ఒంటి మీదకు వచ్చినట్టుంది.

ప్రెసిడెంటు మైకు అందుకుని కృతజ్ఞతలు మొదలుపెట్టాడు. ఓటు వేసినవాళ్లకు, వేయనివాళ్లకు, హామిల్టన్ నుంచి వచ్చినవాళ్లకు, రాలేకపోయినవాళ్లకు. పాపం, స్వభావరీత్యా ఎవరినీ మరిచిపోని మనిషి. ఇంతలో ఏలకుల వాసన నా ముక్కుకు తగిలింది. తిరిగి చూస్తే వంటగది తలుపు తెరుచుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్లు టీ కప్పుల ట్రేలతో బయల్దేరారు.

నా ఉద్యోగ జీవితంలో నేను ఎన్నడూ బాహాటంగా వార్తలో వేలు పెట్టలేదు. ఆ రోజు పెట్టాను. వెళ్లి వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అమ్మా, ఒక్క నిమిషం."

"టీ చల్లారిపోద్దండీ!"

"చల్లారనివ్వండి తల్లీ. ఇంకో విషయం చల్లారకుండా ఉండాలి."

"ఎవరీయన?" అని ఒకావిడ రెండో ఆవిడను అడిగింది.

"పేపరాయన. పిచ్చి పిచ్చిగా రాస్తాడే, ఆయన."

గుమ్మం దగ్గరి గొడవ ప్రెసిడెంటు కంటపడినట్టుంది. హామిల్టన్ వాళ్ల దగ్గరే వాక్యం ఆపేశాడు. మైకు చేత్తో పట్టుకుని వేదిక దిగి, మధ్య దారి వెంట నడుచుకుంటూ చివరి వరస దాకా వచ్చాడు. ఆంటీ ఎదుట నిలబడి, ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు గట్టిగా పలికాడు. "మన సంఘానికి ఉపాధ్యక్షురాలు మీరే. ఎన్నికల ముంగట చెప్పిన, ఇప్పుడు అందరి ముంగట చెప్తున్న. ఎక్కువ దినాలు తీసుకున్నందుకు మాఫ్ చేయండ్రి."

చివరి వరస ముందుగా లేచింది. చప్పట్లు వెనక నుంచి ముందుకు పాకాయి. నేను గుమ్మం వదిలేశాను. ట్రేలు నన్ను తోసుకుంటూ పోయాయి.

ఆ పైన మిగతా పేర్లు చదివాడు. కోశాధికారి టౌరంగా నుంచి వచ్చే ఒక నర్సు. కార్యదర్శి మాజీ అధ్యక్షుడి వర్గం మనిషే. నా అంచనాల్లో ఒక్కటీ నిలవలేదు. నలుగురిలో ఎవరి పేరూ రాలేదు. హాల్లో తలలు వాళ్ల వైపు తిరిగాయి. గోదావరి ఆయన కొత్త చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు.

"నా వ్యాన్‌ల వచ్చే నలుగురికి ఏమీ ఇస్తలేను," అన్నాడు ప్రెసిడెంటు. "వాళ్లు దినాం నాతోని కొట్లాడేటోళ్లు. నేను తప్పు చేస్తే మొట్టమొదలు తిట్టేది వాళ్లే. పదవిస్తే కొట్లాట బంద్ అయితది. నాకు కొట్లాటే కావాలె."

గోదావరి ఆయన ఒక క్షణం ఆలోచించాడు. ఆ క్షణం నాకు కనిపించింది. తర్వాత అందరికంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టాడు. "రేపు పొద్దున్నే మొదలెడతాను చూడండి!" అని అరిచాడు కూడా.

ఆంటీ మైకు అడిగారు. ఆవిడ తెలుగు ఎలా ఉంటుందో అని ముందు వరసల్లో కొందరు చెవులు రిక్కించారు. ఆవిడ ఎవరి కోసమూ మార్చి మాట్లాడలేదు.

"అందరికీ నమస్కారం. పదవి ఇచ్చినారు, సంతోషం. నాకు మొదటి పని ఉండాది. హాలు పైకప్పు రంగు ఊడిపోతా ఉండాది. శనివారం రంగు ఎయ్యాల. మనుషులు కావాల. పేపర్లో నలుగురు మంత్రులని రాసినారు గదా, వాళ్లని నాకిచ్చెయ్యండి." హాలు నవ్వులతో ఊగిపోయింది. "ఆ వార్త రాసిన బాబు కూడా రావాల. ఆయనకి నిచ్చెన పట్టుకునే పని."

గోదావరి ఆయన లేచి నిలబడ్డాడు. "ఆంటీ, ఈ పనికి ఏదైనా పేరుందాండీ? మా అత్తగారికి చెప్పుకోవాలి."

"పైకప్పు మంత్రి," అన్నారు ఆంటీ, తడుముకోకుండా. ఆయన అక్కడే ఫోన్ తీసి రాజమండ్రికి కొట్టాడు.

జనం వెళ్లిపోయాక మేము కొందరం కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్నాం. సంపాదకురాలు వచ్చే సంచికకు శీర్షిక ఏం పెట్టాలని నన్ను అడుగుతోంది. ఈసారి అన్నీ జరిగాకే రాద్దామమ్మా, అదెలా ఉంటుందో చూద్దాం అన్నాను. అప్పుడు ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, ఒక తాళంచెవి తీసి ప్రెసిడెంటు చేతిలో పెట్టారు. కొత్తది, ఇంకా గరుకు పోనిది.

"ప్రెసిడెంటువి, హాలు తెరవాలంటే నాకు ఫోన్ చేసేదేంది? ఇది నీ దగ్గర పెట్టుకో."

అతను దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. "ఎప్పుడు చేయించిండ్రు ఆంటీ?"

"గురువారం."

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. గురువారానికి ఆవిడ పేరు ఎవరూ ప్రకటించలేదు. అతని ఫోన్ కూడా ఆవిడ ఎత్తడం లేదు.

"మరి టీ లోపల పేరు చెప్పకపోతే వేరే సంఘం పెడతామన్నారు కదండీ?" అన్నాను నేను.

ఆంటీ హాలు లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పారు.

"అన్నాను. ఆయన ఇస్తాడా ఇయ్యడా అని మీరంతా ఆయన మొగమే చూస్తా ఉంటిరి. హాలు ఇచ్చేది నేను గదా బాబూ."